దొరల గోరీలు చదవడం, రాసుకోవడం

కాటన్ దొరగారి సమాధి మన డెల్టాలో లేదండీ. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆయన 1899లో ఇంగ్లండులో కన్నుమూశారు, అక్కడే డోర్కింగ్ అనే ఊరి సమాధుల తోటలో ఉన్నారు. రాజమండ్రిలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర లండన్‌లో కెన్సల్ గ్రీన్‌లో ఉన్నారు. సామర్లకోటలో తోట పెంచి మన మొక్కలన్నిటికీ బొమ్మలు గీయించిన రాక్స్‌బర్గ్ ఎడింబరోలో ఉన్నారు. నర్సాపురంలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను, చిన్నప్పటి నుంచీ మా చర్చి సంఘం సమాధుల తోట తెలిసినదాన్ని. అందుకని పాత గోరీలు చూడాలని వచ్చేవాళ్ళు నన్నడుగుతుంటారు. వాళ్ళకి ముందు ఈ మాటే చెబుతాను. పుస్తకాల్లో పేరుకెక్కిన దొరలు చాలామంది పని ముగించుకుని ఓడెక్కి వెళ్ళిపోయినవాళ్ళు. ఇక్కడ పడుకున్నవాళ్ళు వెళ్ళలేకపోయినవాళ్ళు. జ్వరానికో, వాంతిభేదికో, తుపానుకో, కాన్పులోనో పోయినవాళ్ళు. వాళ్ళ కథ చాలాసార్లు ఆ రాయి మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. కాబట్టి పెద్ద పేరు కోసం వెతకడం మానేసి, ఉన్న రాయి నుంచి మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాలి. ఈ పని ఎలా చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఎక్కడ ఎవరుంటారు

మన డెల్టాలో పాత సమాధులు ఒక్క జాతివి కావు. పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ జగన్నాథపురం డచ్చివాళ్ళు బట్టల వ్యాపారం చేసిన చోట్లు. నర్సాపురం పక్కన మాధవాయిపాలెం, యానాం పక్కన ఇంజరం ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీలున్న ఊళ్ళు. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టం ఊహించుకోకండి. నేతగాళ్ళకి బయానా ఇచ్చి, బట్ట కొని, కొట్లలో పెట్టి ఓడలకెక్కించే ఇల్లు అది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. కోరంగి ఓడల రేవు. ధవళేశ్వరం, రాజమండ్రి ఇంజనీర్ల ఊళ్ళు, సర్కారు కచేరీల ఊళ్ళు.

ఆ తర్వాత మిషనరీలు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1836లో భార్యలతో సహా మన దేశం వచ్చి, నర్సాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టారు. అదే గోదావరి డెల్టా మిషన్. కాకినాడలో కెనడా బాప్టిస్టుల పని 1874లో మొదలైంది, మెక్లారిన్ దొర వచ్చాక. అయితే ఆయన్ని అక్కడికి పిలిచింది టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసిన థామస్ గాబ్రియేల్ అనే మన దేశస్థుడు. ఇది నేను ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, తోటలోకి అడుగుపెట్టగానే అందరూ ఎత్తైన స్తంభాల వైపు, గోపురం ఉన్న గోరీల వైపు వెళతారు. గోడవారగా చిన్న సిమెంటు దిమ్మల కింద తొలితరం తెలుగు అయ్యగార్లు అంటే పాస్టర్లు, ఆడవాళ్ళకి బైబిలు చెప్పిన బైబిలు స్త్రీలు, మిషన్ బడి పంతుళ్ళు ఉంటారు. నా మటుకు నాకు ఆ ఊరి ప్రముఖులు వాళ్ళే. ఒక పల్లెలో మొదటిసారి ఆడపిల్లలకి అక్షరం నేర్పిన మనిషి ప్రముఖురాలు కాక మరెవరు?

హిందువుల్లో దహనమే ఎక్కువ కాబట్టి చాలామంది పెద్దలకి వెతకడానికి సమాధి ఉండదు. లంకలగన్నవరంలో అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిని అక్కడి ఆక్విడక్టు పేరులో తలుచుకుంటాం. వీరేశలింగంగారి సంగతి వేరు. ఆయన 1919లో మద్రాసులో పోయినా, ఆయన, రాజ్యలక్ష్మమ్మగారి సమాధులు రాజమండ్రి ఆనంద ఉద్యానవనంలో ఉన్నాయి. పోయిన ఊరు వేరు, సమాధి ఉన్న ఊరు వేరు కావచ్చు. వెతికేటప్పుడు ఈ రెండూ విడివిడిగా రాసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి

అక్టోబరు ఆఖరు వారం. ఇది అనుభవం మీద చెప్పే మాట. నవంబరు 2న సమాధుల పండుగ. దానికి ముందు వారం తోటలో గడ్డి కోయిస్తారు, తుప్పలు కొట్టిస్తారు. మిగతా కాలంలో నడుం లోతు పెరిగిన గడ్డిలో రాయి ఎక్కడుందో కూడా తెలియదు. గడ్డి కోశాక, సున్నం వేయకముందు నాలుగైదు రోజులుంటాయి. ఆ రోజుల్లో వెళ్ళాలి. పండుగ దగ్గరపడితే కుటుంబాలవాళ్ళు వచ్చి భక్తిగా సున్నం కొట్టేస్తారు, కొందరు పెయింటే వేసేస్తారు, అక్షరాల్లోకి అంతా నిండిపోతుంది. ఏటేటా అలా పొరలు పడ్డ రాళ్ళ మీద అక్షరం చేత్తో తడిమినా తగలదు. అది వాళ్ళ ప్రేమ. దాన్ని తప్పుపట్టకూడదు. రాయి ముఖం మీద మాత్రం వేయొద్దని, చుట్టూ దిమ్మకి వేసుకోమని నెమ్మదిగా చెబితే వింటారు.

అది కుదరకపోతే సంక్రాంతి వెళ్ళాక మాఘమాసంలో వెళ్ళండి. వానాకాలం వద్దు. పాత గోరీల కింద ఇటుక సందుల్లో పాములుంటాయి, రక్తపింజర మన వైపు తక్కువేం కాదు. బూట్లు, చేతికర్ర తప్పనిసరి. ఒంటరిగా వెళ్ళకండి.

ఎవర్ని అడగాలి

తోట ఏ సంఘానిదో ముందు తెలుసుకోండి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయితే పాస్టరుగారిని, లూథరన్ అయితే ఏఈఎల్‌సీ (ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘ పెద్దల్ని, కాకినాడ వైపు బాప్టిస్టు సంఘాలైతే వాళ్ళ కమిటీని, కథోలికులదైతే విచారణ ఫాదర్‌గారిని అడగాలి. బ్రదరెన్ అనే స్వతంత్ర క్రైస్తవ సంఘాలకి పై ఆఫీసంటూ ఉండదు కాబట్టి ఆ ఊరి పెద్దలే మాట చెప్పాలి. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి, పేరు చెప్పుకుని, ఎందుకు చూడాలనుకుంటున్నారో చెప్పి, ఒక చిన్న ఉత్తరం చేతికివ్వండి. తోటల స్థలాల మీద తగాదాలు నడుస్తుంటాయి. ఫోను పట్టుకుని కొలతలు వేసేవాళ్ళని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ముందే చెప్పి వెళితే ఆ ఇబ్బంది ఉండదు.

అప్పుడే భూస్థాపన రిజిస్టరు, అంటే తోటలో పూడ్చినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం, ఉందేమో అడగండి. ఉంటే అది బంగారం. రాయి లేని మనుషులు కూడా అందులో ఉంటారు. పుస్తకం బయటికి అడగకండి, అక్కడే కూర్చుని రాసుకోండి, లేదా అనుమతి తీసుకుని ఫోటో తీసుకోండి.

తోట కాపలా మనిషిని మాత్రం మర్చిపోకండి. ఆయనకి తెలిసినవి రిజిస్టరులో ఉండవు. "ఈ గోరీకి పువ్వులెవరు పెడతారు బాబాయ్?" అని అడిగితే ఆ కుటుంబం పేరు చెబుతాడు. "ఈ రాయి ముందు ఇక్కడే ఉండేదా?" అని అడిగితే 1996 తుపానుకి చెట్టు కూలి పగిలితే ఇటు జరిపారని చెప్పొచ్చు. సొరంగాలు, బంగారు బిందెలు కూడా చెబుతాడు. వినండి, వేరే పేజీలో రాసుకోండి, రాయి మీద చదివినదాంతో కలపకండి. ఆ బంగారు బిందెల మాట నమ్మి రాత్రిపూట గోరీలు తవ్వినవాళ్ళు ఉన్నారు, అందుకే మారుమూల ఉన్న పాత గోరీ జాడ ఊరందరికీ చాటకండి.

చదవడం

రాయిని శుభ్రం చేయాలనే తొందర వద్దు. మెత్తటి కుంచె, మంచినీళ్ళు, అక్షరాల్లో మట్టి తీయడానికి వెదురు పుల్ల. ఇంతకు మించి ఏదీ రాయికి తగలకూడదు. వైరు బ్రష్షు, యాసిడ్, బ్లీచింగ్ పౌడరు అసలు వద్దు. సున్నపు పొరని ఉలితో లేపకండి, దాంతోపాటు రాయి పొరా లేస్తుంది. అక్షరాలు కనపడాలని వరిపిండో ముగ్గో రుద్దేవాళ్ళున్నారు. పిండికి చీమలు, బూజు చేరతాయి, ముగ్గు సన్నటి గీతల్లోకి దిగి మళ్ళీ రాదు.

వెలుతురే మీ పనిముట్టు. నడినెత్తి మీద ఎండ ఉన్నప్పుడు రాయి బోసిగా కనిపిస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం నాలుగున్నర తర్వాత గానీ ఎండ పక్క నుంచి పడుతుంది, అప్పుడు ప్రతి గీతకీ నీడ వస్తుంది. చెట్టు నీడలో ఉన్న రాయికి ఇంట్లోని అద్దం ఒకటి తీసుకెళ్ళి ఎండని పక్కవాటుగా కొట్టించండి, ఒకరు అద్దం పట్టుకుంటే ఒకరు చదవాలి. అదీ కుదరకపోతే చీకటి పడుతుండగా టార్చిని రాయికి ఆనించినట్టు పక్కకి పెట్టండి. మా పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు అద్దం పట్టుకోవడానికి పోటీపడేవారు.

పాలరాయి పలకల మీద సీసం పోసి నింపిన అక్షరాలుంటాయి. సీసం ఊడిపోయినా, పీకేసుకుపోయినా భయపడకండి. అక్షరానికి పట్టు కోసం వేసిన చిన్న చిన్న బెజ్జాలు మిగులుతాయి. వాటిని కలుపుకుంటూ వెళితే పేరు వస్తుంది. వరద మట్టి కప్పిన పలకలూ ఉంటాయి, 1986 వరద లాంటివి ఎన్ని వచ్చాయో ఈ నేల మీదకి. గునపం వాడకుండా వెదురు కర్రతో మెల్లగా పొడిచి చూడండి, రాయి తగిలితే శబ్దం తెలుస్తుంది. తవ్వడం మాత్రం సంఘం వాళ్ళ ఎదుటే.

ఇక భాష. డచ్చి రాళ్ళ మీద మొదట "హీర్ లైట్ బెగ్రావెన్" అని ఉంటుంది, ఇక్కడ పూడ్చబడినది అని. పుట్టుకకి "గెబోరెన్", చావుకి "ఓవర్‌లేడెన్" లేదా లాటిన్ "ఒబీట్". "హౌస్‌వ్రౌ" అంటే ఫలానావారి భార్య. ఉద్యోగం చదివితే మనిషి స్థాయి తెలుస్తుంది: ఆసిస్టెంట్, ఆపైన ఒందర్‌కోప్‌మన్, కోప్‌మన్, ఓపర్‌కోప్‌మన్ (కోప్‌మన్ అంటే వర్తకుడు). ఆ ఊరి ఫ్యాక్టరీకి పెద్ద అయితే ఓపర్‌హోఫ్ద్ అని రాస్తారు. ఇంగ్లీషు కంపెనీలో రైటర్, ఫ్యాక్టర్, జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్ అదే వరస. రైటర్ అని చూసి కథలు రాసేవాడనుకోకండి, కంపెనీలో కొత్తగా చేరిన గుమాస్తా. ఫ్రెంచిలో "ఇసి రెపోజ్" అంటే ఇక్కడ విశ్రమించిన. తెలుగు రాళ్ళ మీద "ప్రభువునందు నిద్రించిరి" అని ఉంటుంది. పాత ఇంగ్లీషులో ఎఫ్‌లా కనిపించేది ఎస్ కావచ్చు.

తేదీల దగ్గర ఆగి చదవాలి. 7 అంకె పక్కన బెర్ అని చిన్న అక్షరాలుంటే అది జులై కాదు, సెప్టెంబరు. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు, పది గుర్తుగా ఎక్స్ ఉంటే డిసెంబరు. లాటిన్ లెక్కలో అవి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదో నెలలు. మరొకటి: 1752 దాకా ఇంగ్లీషువాళ్ళ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కేలండరు కూడా పాతదే. డచ్చి కంపెనీ అప్పటికే కొత్త కేలండరులో ఉంది. కాబట్టి ఇంగ్లీషు రాయి మీద ఫిబ్రవరి 1721 అని ఉంటే మన లెక్కలో అది 1722. కొన్ని రాళ్ళ మీద రెండు సంవత్సరాలూ గీత పెట్టి చెక్కుతారు. ఒకే వారంలో మాధవాయిపాలెంలో ఒకరు, పాలకొల్లులో ఒకరు పోయినా రాళ్ళ మీద పది పదకొండు రోజుల తేడా కనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాసుకుని, మీ లెక్క పక్కన వేరే సిరాతో రాయండి.

ఒకే నెలలో నాలుగైదు రాళ్ళు కనిపిస్తే ఆగండి. కోరంగి, యానాం వైపు 1839 నవంబరు ఆఖరు తేదీలుంటే తుపాను గుర్తుకు రావాలి. అంతకుముందు 1789 డిసెంబరులోనూ కోరంగిని ఉప్పెన ముంచింది. ఈ గాలివానలకి సైక్లోన్ అనే పేరు పెట్టిన పిడింగ్టన్ ఆ కోరంగి ఉప్పెన గురించి కూడా రాశాడు. వేసవి నెలల్లో ఒకే ఇంటి పిల్లలు వరసగా పోయి ఉంటే వాంతిభేది గుర్తుకు తెచ్చుకోండి. తల్లి రాయి పక్కనే అదే తేదీతో బిడ్డ రాయి ఉంటే ఇంకేం చెప్పక్కర్లేదు.

రాయి ఎవరు వేయించారో తప్పకుండా రాసుకోండి, అది చాలామంది వదిలేస్తారు. కంపెనీ వేయించిన పెద్ద గోరీ హోదాకి గుర్తు. విద్యార్థులు, సంఘస్థులు, పనివాళ్ళు చందా వేసుకుని వేయించిన చిన్న రాయి అంటే ఆ మనిషిని ఊరు ప్రేమించిందన్నమాట. ముందుగా నేను వెతికేది ఆ రెండో రకం రాళ్ళనే.

రాసుకోవడం

ఒక్కో గోరీకి ఒక్కో పేజీ. వరస, నంబరు, తోట గేటు నుంచి ఎన్ని అడుగులు, తల ఏ వైపు. క్రైస్తవుల పాత గోరీల్లో తల పడమటికి, కాళ్ళు తూర్పుకి ఉంటాయి. ఉత్తర దక్షిణంగా ఉంటే ముస్లిముల ఖబర్ కావచ్చు, రెండు తోటలు పక్కపక్కనే ఉన్న చోట్ల ఇది పనికొస్తుంది. రాయి మీద ఏ వరసలో ఎక్కడ తెగిందో అక్కడే తెంపి రాయండి. చెక్కినవాడి తప్పుల్ని దిద్దకండి. చదవలేని అక్షరానికి చుక్క పెట్టండి, ఊహించి నింపకండి. వయసు ఇన్నేళ్ళు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు అని ఉంటే తీసివేతతో పుట్టిన తేదీ వస్తుంది. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక అడుగు స్కేలు పెట్టండి. ముందు బడి పలక మీద నంబరు రాసి దాన్నొక ఫోటో తీసి, తర్వాత రాయిని తీయండి. ఇంటికొచ్చాక ఏది ఏదో తెలియక తికమక పడరు.

ఆ మనిషి ఎవరో తెలుసుకోవడం తర్వాతి పని, దానికి ఇల్లు కదలక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని పాత సమాధి శాసనాలని జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి సేకరించి 1905లో అచ్చు వేయించారు. డచ్చి గోరీల మీద అలెగ్జాండర్ రీ పుస్తకం 1897లో వచ్చింది. మీ రాయి వాటిలో ఉంటే, అప్పట్లో కనిపించి ఇప్పుడు చెరిగిపోయిన అక్షరాలు దొరకొచ్చు. మద్రాసు వైపు చర్చిల బాప్తిస్మ, వివాహ, భూస్థాపన లెక్కల నకళ్ళు లండన్‌కి వెళ్ళేవి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్-2 వరసలో ఉన్నాయి. యానాం ఫ్రెంచి జనన మరణ రిజిస్టర్లు ఫ్రాన్సులో ఎక్స్ అనే ఊరిలోని వలసరాజ్యాల ఆర్కైవ్స్ వాళ్ళు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, డబ్బు కట్టనక్కర్లేదు. డచ్చి కంపెనీ ఓడల్లో వచ్చినవాళ్ళ జీతాల పుస్తకాల్లోంచి తీసిన పేర్ల జాబితా హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర ఉంది, ఏ ఓడలో వచ్చాడో, ఎప్పుడు పోయాడో అందులో దొరుకుతుంది. వెతికేటప్పుడు ఊరి పేర్లు పాత పలుకులో కొట్టండి: పాలికోల్, నర్సపూర్, కొకనాడా, జగ్గర్‌నాయక్‌పూర్.

తెలుగు అయ్యగార్ల సంగతి వీటిలో దొరకదు. వాళ్ళకి మిషన్ వార్షిక నివేదికలు, సంఘ శతాబ్ది సంచికలు, ఆ ఇంటి పెద్దల నోటిమాట ఆధారం. ఇక్కడ ఆలస్యం చేయకూడదండీ. రాయి ఇంకో యాభై ఏళ్ళు ఉండొచ్చు, తొంభై ఏళ్ళ మామ్మగారు ఉండరు. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళండి.

అయ్యాక

నాలుగు ప్రతులు తీయండి. ఒకటి సంఘానికి, ఒకటి మీ ఊరి గ్రంథాలయానికి, ఒకటి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి. పాత యూరోపియన్ సమాధులుంటే ఇంకొకటి లండన్‌లో 1976 నుంచీ ఉన్న బాక్సా అనే సంస్థకి పంపొచ్చు, దక్షిణాసియా సమాధుల తోటల వివరాలు వాళ్ళు భద్రపరుస్తారు. ఈమధ్య పోయినవాళ్ళ వివరాలు ఆ కుటుంబం సరేనంటే తప్ప బయట పెట్టకండి.

గోరీ బాగుచేయిస్తామని ఎవరైనా ముందుకొస్తే సిమెంటు మాత్రం వద్దనండి. ఇవన్నీ గానుగ సున్నంతో కట్టినవి. మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక, ఉప్పుతో కలిసి ఇటుకని పిండి చేస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికేదాకా ఆగడం మేలు. ఈలోగా రావి మొక్క మొలిస్తే లేతగా ఉన్నప్పుడే కోసేయండి, వేరు దిగాక పీకితే గోడే వచ్చేస్తుంది.

మీ పని నలుగురికీ తెలిశాక, ఎక్కడి నుంచో ఒకరు మా ముత్తాత తాత అక్కడే పోయాడట, చూసి చెప్పగలరా అని రాస్తారు. జవాబివ్వండి. ఫోటో, వరస నంబరు, చదివినది చదివినట్టు పంపండి. రాయి పగిలి ఉంటే పగిలిందనే రాయండి, లేకపోతే లేదనే రాయండి. డబ్బు పంపుతామంటే మీరు తీసుకోకుండా సంఘం తోట ఖాతాకి కట్టమనండి, రసీదు మాత్రం అడిగి ఇప్పించండి.